కుడి భుజం ఇంచున్నర తక్కువ

పక్కింటావిడ అన్నదట. సూటిగా కాదు. ఇస్త్రీ బట్టలు తెచ్చిచ్చే మనిషితో అన్నదట, ఆ మనిషి ఎదురింటి కోడలితో అన్నదట, ఆ కోడలు మేడ మెట్ల మీద నిలబడి ఇంకెవరితోనో అంటుండగా ఆ మాట టైలరు భార్య చెవిన పడింది.

"'అంత బాగున్న కారు సగం ధరకి ఎవడిస్తాడు, ఏదో లొసుగు ఉండబట్టే కదా' అన్నదటక్కా. 'కారొచ్చిన మర్నాడు తెల్లారకుండానే మూడు బకెట్ల నీళ్లు పోసి కడిగాడు, నేను కిటికీలోంచి చూశాను, అది బురద కాదు నెత్తురు' అన్నదట. 'కడిగి ఊరుకున్నాడా, ఎవరి కంటా పడకుండా నిలువునా ముసుగేశాడు' అన్నదట." చెబుతూ చెబుతూ టైలరు భార్య చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

బల్లకి ఇవతల కూర్చున్న ఆరాలక్క ఓదార్చలేదు. ఓదార్పుకి టైము లేదు. గోడ గడియారం పది దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది. సాయంత్రం అయిదింటికి టైలర్ని కోర్టుకి తీసుకెళ్తారు. అక్కణ్నించి జైలుకి. ఒకసారి ఆ గేటు లోపలికి వెళ్లాక మనిషిని బయటికి లాగడానికి నెలలు పడుతుంది.

"కడిగిన మాట నిజమేనా?"

"నిజమే. జీవితంలో మొదటిసారి కారు కొన్నాడు, కడుక్కోడా?"

"ముసుగు?"

"ఎండకి రంగు పోతుందని ఆయనే కుట్టుకున్నాడు. టైలరు కదక్కా."

"ఆ ముసుగు ఇప్పుడెక్కడుంది?"

"షాపులో. పోలీసులు కారు తీసుకెళ్లారుగానీ దాన్ని వదిలేశారు."

ఆరాలక్క లేచి చెప్పులేసుకుంది. పద్దెనిమిదేళ్లు ఇన్సూరెన్సు ఆఫీసులో దెబ్బతిన్న బండ్లకి అంచనాలు వేసిన మనిషి ఆవిడ. ఏ బండి గోడకి గుద్దుకుందో, ఏ బండిని గోడకి గుద్దించారో చూడగానే చెప్పేది. అడిగిన ప్రశ్నే నాలుగుసార్లు నాలుగు రకాలుగా అడుగుతుందని తోటి గుమాస్తాలు వెక్కిరింపుగా పెట్టిన పేరు ఆరాలక్క. ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధన ఆఫీసు తెరిచినప్పుడు ఆ పేరునే బోర్డు మీద రాయించుకుంది.

దారిలో సంగతంతా మరోసారి మొదటినుంచి చెప్పించుకుంది. అందులో చిక్కేమీ లేదు. పోయిన వారం మంగళవారం పొద్దున్న ఆరూ పదికి, సైకిలు మీద పేపర్లు వేసుకుంటూ పోతున్న ఒకాయన్ని తెల్ల కారు గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. మూడో రోజు ఆస్పత్రిలో ఆయన పోయాడు. పాల బూతులో ఉన్నావిడ కారు నంబరులో చివరి రెండంకెలు చూసింది. నడిపింది ఎవరో చూడలేదు. ఆ రెండంకెల వెంటపడి పోలీసులు నిన్న గురువారం టైలరింటికి వచ్చారు.

కారు అమ్మినవాడు టైలరుకి చిన్ననాటి స్నేహితుడు. ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లు. పెద్ద రంగుల షాపుంది అతనికి. అతను సోమవారం సాయంత్రమే కారు ఇచ్చేశానంటాడు. టైలరు బుధవారం సాయంత్రం తెచ్చుకున్నానంటాడు. మధ్యలో ఉన్నది మంగళవారం. అమ్మకం కాయితం మీద సోమవారం తారీఖే ఉంది, కింద టైలరు సంతకమూ ఉంది.

"సంతకం పెట్టేటప్పుడు తారీఖు చూసుకోలేదా?"

"అప్పుడు తారీఖే లేదక్కా. 'అది నేను వేసుకుంటాలేరా' అన్నాడట ఆయన. వీళ్లిద్దరి మధ్యా కాయితమే ఎక్కువ, ఇంక తారీఖు కూడానా అనుకున్నాడు ఈ మహానుభావుడు."

షాపు ఒకే గది. రెండు కుట్టుమిషన్లు, కత్తిరించే బల్ల, గోడ పొడవునా హ్యాంగర్లకి వేలాడుతున్న చొక్కాలు. ఆరాలక్క గుమ్మంలోనే ఆగి, ముందు నేలంతా చూసింది, తర్వాత బల్ల చూసింది, ఆ తర్వాతే లోపలికి అడుగుపెట్టింది. బల్ల కింద బూడిదరంగు గుడ్డ మడత పెట్టి ఉంది. నీళ్లు జారిపోయే మందపాటి రకం. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని విప్పారు. గదంతా నిండిపోయి ఇంకా మిగిలింది.

కుట్టు చూస్తే పనివాడి కుట్టే. వంకర లేదు, వదులు లేదు. ఒక్క ముందు వైపు కుడి మూల మాత్రం పాత కుట్టు విప్పి, లోపలికి మడిచి, మళ్లీ కుట్టారు. విప్పిన కుట్టు తాలూకు సూది చిల్లులు వరసగా కనిపిస్తున్నాయి.

"ఇదేమిటి?"

"తెచ్చుకున్న రోజు రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. 'కుడి మూల లూజైంది, ముప్ఫై ఏళ్లలో ఇలా ఎప్పుడూ తప్పలేదు, నా చెయ్యి పాడైపోయింది' అని ఒకటే గొణుగుడు. మర్నాడు కారు కడిగి, ముసుగు బాగు చేసి కప్పాడు."

"కొలతలెప్పుడు తీశాడు?"

"అంతకు ముందు ఆదివారం. 'ఇస్తాను తీసుకోరా' అని స్నేహితుడు పిలిస్తే చూడ్డానికి వెళ్లాడు. ధర అప్పుడు తేల్లేదు, సగానికిస్తానన్నది తర్వాత. మెడలో టేపు లేకుండా ఈయన బయటికే వెళ్లడు. పెళ్లికొడుక్కి తీసినట్టు దానికి తీసుకొచ్చాడు కొలతలు."

కొలతల పుస్తకం బల్ల సొరుగులో ఉంది. పేజీకి ఇద్దరు. ప్రతి ఒక్కరి కొలతల పక్కనా వాళ్ల గుడ్డ ముక్క అతికించి ఉంది. బట్టలు తీసుకెళ్లేటప్పుడు పెట్టిన సంతకాలున్నాయి. శనివారం ఒక సఫారీ, సోమవారం రెండు చొక్కాలు. వాటి మధ్య ఆదివారం రాతలో కారు. ఆరాలక్కకి నవ్వొచ్చింది. పొడవు, ఛాతీ, నడుము, ఎడమ భుజం ముప్ఫై ఒకటి, కుడి భుజం ముప్ఫై ఒకటి. రెండు పేజీలు తిప్పితే, గురువారం కింద వేరే సిరాతో ఇంకో వరస: 'కారు, కుడి భుజం ఇంచున్నర తగ్గింపు. తప్పు నాదే.'

నవ్వు ఆగిపోయింది. ఆ రెండు మాటలకేసి ఆవిడ కాసేపు చూసింది. టేపు అబద్ధమాడిందనుకున్నాడు, చెయ్యి తప్పిందనుకున్నాడు, వయసు మీద పడిందనుకున్నాడు. స్నేహితుడి కారు నాలుగు రోజుల్లో ఇంచున్నర కుంగిందని మాత్రం అనుకోలేకపోయాడు.

కానీ దీంతో అయిపోలేదు. కారుకి దెబ్బ ఆదివారానికీ బుధవారానికీ మధ్య తగిలిందని తేలింది, అంతే. అప్పుడు కారు ఎవరి దగ్గరుందో తేలలేదు.

ఆవిడ వేళ్లు గుడ్డ మీద తడుముతూ వెనక మూల దగ్గర ఆగాయి. "ఇదేమిటమ్మా, జేబా?"

టైలరు భార్య అంత ఏడుపులోనూ సిగ్గుపడింది. "జేబు లేకుండా ఏదీ కుట్టలేడక్కా. మా ఇంట్లో దిండు గలీబులకి కూడా జేబులే."

ఆరాలక్క జేబులో వేళ్లు పెట్టింది. నాలుగు మడతల కాయితం. బట్టల హోల్‌సేల్ కొట్టు బిల్లు. బూడిదరంగు గుడ్డ, పద్నాలుగు మీటర్లు. తారీఖు, దాని కింద టైము: మంగళవారం, పదకొండూ నలభై.

బిల్లు మళ్లీ మడిచి సంచిలో పెట్టుకుంది. "ముసుగు మూట కట్టు. పుస్తకం కూడా. హోల్‌సేల్ కొట్టు ఎక్కడ?"

*

రెండింటికి స్టేషన్లో అడుగుపెట్టేసరికి ఇన్‌స్పెక్టరు టీ తాగుతున్నాడు. రెండేళ్ల కిందట ఒక గోడౌను తగలబడితే వాచ్‌మన్‌ని లోపలేశాడు ఇతను. నిప్పు పెట్టింది ఓనరేనని ఆరాలక్క నిరూపించింది. ఆ పుండు ఇంకా మానలేదు.

"దయచేశారా? ఇంకా రాలేదేమిటా అని చూస్తున్నాను. మూటేమిటి, బట్టలు కుట్టించుకోడానికా? ఇది స్టేషనక్కగారూ, టైలరు షాపు కాదు."

"తెలుస్తూనే ఉంది నాయనా. టైలరు షాపులో అయితే వచ్చినవాళ్లని కూర్చోమంటారు."

అతను కుర్చీ చూపించలేదు. "కాయితముంది, సంతకముంది, నంబరుంది. గుద్దాడు, బాగు చేయించుకున్నాడు, ముసుగేశాడు. ఇంకేం కావాలి?"

"అయిదింటిదాకా టైము కావాలి. కారు చూడాలి. మనిషితో రెండు మాటలు మాట్లాడాలి. కారు అమ్మిన పెద్దమనిషిని మీరే ఒకసారి పిలిపించాలి."

"ఎందుకు?"

"అమాయకుణ్ని లోపలేశారని రెండోసారి అనిపించుకోకుండా ఉండటానికి."

ఇన్‌స్పెక్టరు టీ గ్లాసు గట్టిగా బల్ల మీద పెట్టాడు. కానీ ఫోను తీశాడు.

టైలరు ఊచల వెనక నేల మీద కూర్చుని ఉన్నాడు. మెడలో టేపు లేదు, లోపలేసేటప్పుడు తీసేసుకున్నారు. ఆ ఖాళీ మెడని మాటిమాటికీ తడుముకుంటున్నాడు.

"కొనేముందు కారు కింద చూశావా?"

"కిందేమిటక్కా?"

"బంపరు వెనకా, చక్రం లోపలా."

"వాడి కారు కిందికి వంగి నేను చూడటమేమిటి? వాడేమనుకుంటాడు!" అడగకూడనిది అడిగినట్టు మొహం పెట్టాడు. "పైన చూశాను. కుడి వైపు లైటు అద్దంలా మెరుస్తోంది, నాకోసం కొత్తది వేయించినట్టున్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను."

"ముసుగు ఎక్కడ తొడిగావు మొదట?"

"వాళ్ల పెరట్లోనే, బుధవారం కారు తీసుకునేటప్పుడు. వాడే ఒక కొస పట్టుకున్నాడు. కుడి మూల సంచిలా వేలాడింది. 'నీ కత్తెర మొద్దుబారిందిరా, కళ్లజోడు మార్చు' అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది."

ఆరాలక్క ఇంకేమీ అడగకుండా వెనక ఆవరణలోకి నడిచింది. ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని వెంట వచ్చాడు. కారు గోడవారగా ఉంది. రెండు లైట్లూ పక్కపక్కన చూస్తే ఎడమది పాత కాగితంలా పసుపెక్కి ఉంది, కుడిది నిన్న పెట్టినట్టుంది. ఆవిడ నేల మీద పేపరు పరిచి, యాభై నాలుగేళ్ల నడుముని పట్టించుకోకుండా వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగింది. బంపరు వెనకుండే ఇనప పట్టీ కుడివైపు లోపలికి వంగి ఉంది. చక్రం పైన నల్ల ప్లాస్టిక్ తొడుగు మీద తెల్లరంగు తుంపర. ఎవరో కంగారుగా స్ప్రే కొట్టారు, కొట్టేటప్పుడు తొడుగుకి అడ్డం పెట్టడం మరిచిపోయారు. వేసిన రంగు మాత్రం పాత రంగులో ఇట్టే కలిసిపోయింది. అంత బాగా కలపడం రంగులమ్మేవాడికే చేతనవుతుంది.

లేచి, దుమ్ము దులుపుకుని, సంచిలోంచి టేపు తీసింది. ముందు వైపు నడిమధ్య గుర్తు నుంచి ఎడమ మూలకి ముప్ఫై ఒకటి. కుడి మూలకి ఇరవై తొమ్మిదిన్నర.

"మీరూ చూడండి."

"చూశాను. గుద్దితే లోపలికి పోదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అక్కగారూ, మీరు నా కేసే బలపరుస్తున్నారు."

"బలం ఎవరికొస్తుందో చూద్దాం. మీరొక్క ఉపకారం చెయ్యండి. అతనొచ్చాక నేనడిగినవీ, అతను చెప్పినవీ మీ రైటరు చేత పొల్లు పోకుండా రాయించండి. మధ్యలో మీరు మాట్లాడకండి."

"నన్నే మాట్లాడొద్దంటారా?"

"ఈ ఒక్క సాయంత్రానికే నాయనా. రేపట్నించి ఎంతైనా మాట్లాడుకోండి."

*

రంగుల షాపతను మూడున్నరకి వచ్చాడు. పొడుగ్గా, తెల్లచొక్కాలో మల్లెపువ్వులా ఉన్నాడు. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు, రెండు యాపిల్ పళ్లు. "వాడేమన్నా తిన్నాడో లేదో. ఎంతైనా చిన్నప్పటినుంచీ ఒక కంచంలో తిన్నవాళ్లం" అంటూ వాటిని బల్ల మీద పెట్టాడు.

ఆరాలక్క గొంతు మెత్తగా ఉంది. "మీ సోమవారం మాటే ఇంకోసారి చెప్పండి బాబూ. నాకు కాస్త మతిమరుపు. ఎన్నింటికిచ్చారు?"

"ఆరింటికి. మా పెరట్లో."

"ఇంకెవరైనా ఉన్నారా?"

"మేమిద్దరమే. మాకు సాక్షులెందుకమ్మా?"

"అప్పుడు దెబ్బలేమైనా ఉన్నాయా కారుకి?"

"చిన్న గీత లేదు."

"అదే నేనూ అనుకున్నాను. ఇంక ఒక్కటే నాకు అర్థం కానిది. గుద్దాక దాచిపెట్టడానికే ఆ ముసుగు కుట్టాడని వాళ్ల వీధంతా చెప్పుకుంటున్నారు. వాళ్లావిడేమో కాదు, ముందే కుట్టాడంటోంది. ఎవర్ని నమ్మాలి?"

అతను ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. స్నేహితుడి భార్య మాటని ఒక్కదాన్నయినా నిజమనడం మర్యాదగా ఉంటుందనిపించిందేమో, ఖర్చు లేని దయే కదా అనుకున్నాడేమో, అతను పెద్దమనిషిలా తల పంకించాడు.

"ఆమె మాట నిజమే. కారు తీసుకోడానికొచ్చినప్పుడే తెచ్చాడు వాడు. నా ముందే తొడిగాడు. నేనొక కొస కూడా పట్టుకున్నాను."

"సోమవారం సాయంత్రం ఆరింటికి?"

"అవును."

ఆరాలక్క మూట విప్పింది. "ఇదేనా?"

"ఇదే. ఇదుగో, ఇక్కడ జేబు కూడా పెట్టాడు పిచ్చివాడు. 'కారుకి జేబెందుకురా' అంటే 'ఉండనీరా' అన్నాడు."

"రైటరు గారూ, రాశారా? జేబు సంగతి కూడా?"

"రాశానండి."

"చదివి వినిపించి సంతకం పెట్టించండి. ఈసారి తారీఖుతో సహా."

అతను కాయితం విన్నాడు, సంతకం చేశాడు, కింద ఇవాళ్టి తారీఖు వేశాడు. ఆవిడ అప్పుడు బిల్లు తీసి ఇన్‌స్పెక్టరు ముందు పరిచింది.

"ఈ గుడ్డ హోల్‌సేల్ కొట్లో కొన్నది మంగళవారం పదకొండూ నలభైకి. పేపరాయన్ని కారు గుద్దిన అయిదున్నర గంటలకి. కొననే కొనని గుడ్డని ముందురోజు సాయంత్రం ఈయన పెరట్లో ఎలా తొడిగారో మరి, అడగండి."



ముందు తేరుకున్నది ఇన్‌స్పెక్టరే. అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. "బిల్లు మంగళవారందే. ఈ గుడ్డే ఆ బిల్లుదని ఏమిటి ఆధారం?"

"అంచు చూడండి, మిల్లు ముద్ర, దాంట్లో నంబరు. చుట్టిన గుడ్డ తాను మొదట్లో ఒక్కచోటే ఉంటుందది. ఆ నంబరు తాను లారీలోంచి దిగింది మంగళవారం పదకొండింటికి, దాన్ని మొదట కోయించుకున్నది మన టైలరు. కొట్టు యజమాని రాసిచ్చాడు, ఇదుగో. ఆయన ఫోను నంబరు కూడా ఉంది."

ఇన్‌స్పెక్టరు అక్కడే నిలబడి ఫోను చేశాడు. నాలుగు ప్రశ్నలడిగాడు. నంబరు రెండుసార్లు చదివించుకున్నాడు. ఫోను పెట్టేసి కుర్చీ లాక్కుని, బల్లకి అవతల కాదు, రంగుల షాపతని మోకాళ్లకి మోకాళ్లు తగిలేలా కూర్చున్నాడు.

"అంటే... రోజు పొరబడ్డానేమో..." అన్నాడతను. చొక్కా చంకల దగ్గర తడిసి అతుక్కుపోయింది. "అంతకు ముందు ఇంకో ముసుగేదో..."

"జేబున్నదే ఇంకోటా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మంగళవారం ఆరూ పదికి ఎక్కడున్నావు?"

అతను చేతిరుమాలు కోసం జేబు తడుముకున్నాడు.

"షాపులో స్ప్రే గన్ను ఉందా? ఉంటే ఇప్పుడే మనిషిని పంపి తెప్పిస్తాను. లైటు ఎక్కడ కొన్నావో కూడా తేలుస్తాను. ఈలోపల నువ్వే చెబితే నీకే మంచిది."

అతను తను తెచ్చిన బ్రెడ్డు ప్యాకెట్టుని బల్ల మీద కాస్త అవతలికి జరిపాడు. తర్వాత, ఎవరి సంగతో చెబుతున్నట్టు అన్నాడు. "మలుపులో వచ్చాడు. ఆపుదామనే అనుకున్నాను. ఆపలేదు."

ఇన్‌స్పెక్టరు తల తిప్పకుండానే కానిస్టేబులుకి సైగ చేశాడు. ఊచల తలుపు తెరుచుకున్న చప్పుడైంది. టైలరు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. మాటలన్నీ అతనికి వినిపించాయని మొహం చూస్తేనే తెలుస్తోంది. రైటరు సొరుగులోంచి టేపు తీసి అందించాడు. టైలరు దాన్ని మెడలో వేసుకోలేదు. చేతిలోనే పట్టుకుని, వేలికి చుడుతూ, విప్పుతూ నిలబడ్డాడు.

నాలుగున్నరైంది. ఆరాలక్క మూట కట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది.

"లైటు మార్పించావు, రంగేశావు" అన్నాడు టైలరు. గొంతులో కోపం లేదు, లెక్క తేలనివాడి పట్టుదల ఉంది. "నీ పెరట్లో నిలబడి, నీ కళ్లముందు అది కుంగి ఉంటే, కత్తెర నాదే మొద్దుబారిందన్నావు. నేను నా చేతిని తిట్టుకున్నాను. సరే, అదీ పోనీ. ఊళ్లో కారు కొనేవాళ్లు లేరా? ఎవడికో పరాయివాడికి అమ్మేస్తే నీకు రెట్టింపొచ్చేది. నాకే ఎందుకమ్మావురా?"

అతను తలెత్తి మొదటిసారి స్నేహితుడి కళ్లలోకి చూశాడు.

"పరాయివాడైతే వంగి చూసేవాడు."